ఇంటాయన సబ్సిడీకి మీరెందుకు అప్పు చేస్తున్నారు?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివాను. పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రంలో రెండేళ్లుగా ఇళ్లపై సోలార్ ప్యానెళ్లు బిగించే పని చేస్తున్నాను. మా ఊరి కుర్రాళ్లు ఐదుగురు నా దగ్గర ఉన్నారు. ఒక్కొక్కరికి నెలకు రూ.15,000 ఇస్తున్నాను. ఎండాకాలంలో నెలకు ఎనిమిది ఇళ్లు చేస్తాం, వానాకాలంలో మూడు దొరకడమే కష్టం. సామాను, రవాణా పోను ఇంటికి రూ.22,000 మిగులుతుంది. జీతాలు అందులోంచే ఇవ్వాలి. షాపు అద్దె రూ.6,000, ఇంటి ఖర్చు రూ.28,000. ‘సబ్సిడీ పడ్డాక ఇస్తాం’ అన్న తొమ్మిది ఇళ్ల నుంచి రూ.7 లక్షల పైన రావాలి. అందుకోసం మా ఆవిడ నగలు పెట్టి రూ.3 లక్షలు తెచ్చాను. డిస్ట్రిబ్యూటర్‌కి ఇంకో రూ.4 లక్షలు బాకీ ఉన్నాను. ఇప్పుడు తెలిసినవాళ్లు నాన్న పేరు మీదున్న ఎకరం కాగితాలు పెడితే నూటికి రెండు రూపాయల వడ్డీకి రూ.12 లక్షలు ఇస్తామంటున్నారు. బాకీ తీర్చి, మిగతా రూ.8 లక్షలకు సీజన్ ముందే ప్యానెళ్లు దించితే 5 శాతం తగ్గుతుంది. ఇంకో నలుగురికి పని ఇవ్వగలను. పోయిన నెల ఒక కుర్రాడు రేకుల మీద నుంచి జారి చెయ్యి విరిగితే ఆస్పత్రికి రూ.38,000 అయింది. అయినా నెలకు రూ.3,000 సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టుబడి) మొదలుపెడదామనుకుంటున్నాను. ఈ వడ్డీ ఎక్కువా? ఇంతకన్నా తక్కువకు ఎక్కడైనా దొరుకుతుందా?

జవాబు: ఆ రూ.12 లక్షలు తీసుకోవద్దు. రూపాయి వడ్డీకి ఇస్తామన్నా వద్దు. రెండేళ్లలో మీ ఊళ్లో ఐదుగురికి జీతం ఇచ్చే స్థాయికి వచ్చారు, అది చిన్న విషయం కాదు. ఆ పని నిలబడాలనే ఇంత గట్టిగా చెబుతున్నాను. సోలార్ పనిలోకి కొత్తగా దిగిన వాళ్ల నుంచి ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి. పేర్లు, ఊళ్లు వేరు, చేస్తున్న పొరపాటు ఒక్కటే. ఇంటాయనకు రావాల్సిన సబ్సిడీని వీళ్లు తమ అప్పుతో ముందే కట్టేస్తున్నారు.

ఇళ్లపై సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు వచ్చే రూ.78,000 ఎవరి ఖాతాలో పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ప్యానెళ్లు బిగించి, తనిఖీ అయి, నెట్ మీటర్ (వాడిన కరెంటును, గ్రిడ్‌కు పంపిన కరెంటును లెక్కించే మీటరు) పెట్టాక ఇంటి యజమాని ఖాతాలో పడుతుంది. అంటే అది ఆయన డబ్బు, ఆయన ఆగాల్సిన డబ్బు. అదే ఇంటాయనకు 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు దొరుకుతుంది. ఆ వడ్డీని రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) అర శాతం పైన ఉండేలా పథకంలోనే పెట్టారు. అంటే ఏడాదికి ఆరు శాతం అటూఇటూ. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆరు శాతానికి అప్పు పుట్టే మనిషి కోసం మీరు 24 శాతానికి అప్పు తెచ్చి, ఆయనకు పైసా వడ్డీ లేకుండా వాడుకోనిస్తున్నారు. ఆ వడ్డీకి మీ నాన్నగారి పొలం పూచీ. దీన్ని వ్యాపారం అని నేను అనలేను.

‘నేను ఆగకపోతే పక్క మండలం వాడు ఆగుతాడు, ఆర్డరు పోతుంది’ అంటారు. పోనివ్వండి. రూ.22,000 మిగులు కోసం రూ.78,000 ఎన్నాళ్లో తెలియకుండా ఇరుక్కుపోయే ఆర్డరు అది. కరెంటు సర్వీసు చనిపోయిన తండ్రి పేరు మీద ఉండటం, బ్యాంకు ఖాతాలో పేరు ఒకలా, బిల్లులో మరోలా ఉండటం వంటి చిన్న కారణాలకే సబ్సిడీలు నెలల తరబడి ఆగుతాయి. ఆ కాగితాలు సరిచేయించుకోవడం ఇంటాయన చేతిలో పని. ప్యానెళ్లు అప్పటికే మేడ మీద మెరుస్తుంటే, బిల్లు తగ్గిపోతే, ఆయనకు తొందర ఎందుకుంటుంది?

ముందే సామాను దించితే 5 శాతం కలిసొస్తుందన్నారు. రూ.8 లక్షల మీద అది రూ.40,000. ఆ సామాను అమ్ముడుపోవడానికి నాలుగు నెలలు పట్టిందనుకుందాం. రెండు రూపాయల చొప్పున వడ్డీ రూ.64,000 అవుతుంది. కొన్న రోజే రూ.24,000 నష్టం ఖాయం. ఈలోగా ప్యానెళ్ల ధర తగ్గిందంటే ఆ నష్టమూ మీదే. ఇంటింటికీ ఆర్డరు వచ్చాక, బ్యాంకు డబ్బు చేతికందాక సామాను తెచ్చుకోండి. ఒక లోడు తక్కువైతే ఒక వారం ఆలస్యమవుతుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఉత్తరంలో రాసిన అంకెలన్నీ ఒక కాగితం మీద పెట్టి చూశాను. ఐదుగురి జీతాలు, అద్దె, ఇంటి ఖర్చు, నగల మీద వడ్డీ నెలకు రూ.3,000 అనుకుంటే, మొత్తం నెలకు రూ.1,12,000 కావాలి. ఎండాకాలంలో ఎనిమిది ఇళ్లకు రూ.1,76,000 వస్తుంది, రూ.64,000 మిగులుతుంది. వానాకాలంలో మూడిళ్లకు వచ్చేది రూ.66,000. నెలకు రూ.46,000 లోటు. ఆషాఢంలో మన దగ్గర కొత్త పని మొదలుపెట్టేవాళ్లు తక్కువ. మూఢం వస్తే ఇంకొన్ని వారాలు ఆగుతారు. ఆ తర్వాత వానలు, తడిసిన మేడలు. మూడు నెలల్లో రూ.1,38,000 పోతుంది. ఇది అప్పు లేకుండా. ఆ రూ.12 లక్షల మీద నెలకు రూ.24,000 వడ్డీ కలిపితే లోటు రూ.70,000. ఇంకో నలుగురిని కూడా పెట్టుకుంటే నెలకు రూ.1,30,000. ఆ లెక్కన వినాయక చవితి దాకా కూడా నెట్టుకురాలేరు. నలుగురికి పని ఇవ్వబోయి తొమ్మిది మందిని ఇంటికి పంపాల్సి వస్తుంది.

చిన్న సోలార్ వల్ల ఊళ్లలో ఉద్యోగాలు వస్తాయన్న మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. సూర్యఘర్‌కు 2024 ఫిబ్రవరిలో రూ.75,021 కోట్లతో ఆమోదం తెలిపినప్పుడు కేంద్రం 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు వస్తాయని అంచనా వేసింది. కర్నూలు దగ్గర గని–శకునాల సోలార్ పార్కులో ఒకేచోట వెయ్యి మెగావాట్లు ఉన్నాయి. అలాంటిచోట కట్టేటప్పుడు వందలమంది ఉంటారు, కట్టాక మిగిలేది కొందరే. ఇళ్ల మీద అయితే ప్రతి మూడు కిలోవాట్లకూ ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కాల్సిందే. అందుకే ఒక్కో మెగావాట్‌కు పెద్ద పార్కు ఇచ్చే పనికి పైకప్పు సోలార్ ఎన్నో రెట్లు ఎక్కువ పని ఇస్తుంది. ఆ పనిచేసేవాళ్లు హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రారు. మీ ఊరి ఐటీఐ కుర్రాడే ఎక్కుతాడు. అయితే పథకం ఇచ్చేది సబ్సిడీ వరకే. ఆ కుర్రాడికి ఆగస్టు ఒకటో తారీఖున జీతం ఇవ్వాల్సింది మీరు. ఆ రోజు మీ ఖాతాలో డబ్బు లేకపోతే అతను గుంటూరులోనో హైదరాబాద్‌లోనో డెలివరీ పనికి పోతాడు, మళ్లీ రాడు. మీరు రెండేళ్లు నేర్పిన పని అతనితోపాటు పోతుంది.

అందుకే అత్యవసర నిధి లేకుండా ఇంకొక్క మనిషిని కూడా పెట్టుకోవద్దు. మీలాంటి వాళ్లకు ఈ నిధి రెండు భాగాలు. ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1,68,000. కుర్రాళ్లకు మూడు నెలల జీతం, అంటే రూ.2,25,000. రెండూ కలిపి రూ.4 లక్షల దగ్గర. మార్చి నుంచి జూన్ వరకు నెలకు మిగిలే రూ.64,000 కదలకుండా దాస్తే నాలుగు నెలల్లో రూ.2,56,000 అవుతుంది. ఈ ఏడాది వానాకాలం దాంతో గట్టెక్కుతుంది, పైగా లక్షకు పైనే మిగులుతుంది. మిగతాది వచ్చే ఎండాకాలానికి పూర్తిచేయొచ్చు. షాపు కరెంట్ ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో పెట్టండి, ఆ ఖాతాకు యూపీఐ కలపొద్దు. డిస్ట్రిబ్యూటర్ ఎంత ఒత్తిడి చేసినా ఈ డబ్బు ముట్టుకోవద్దు.

దీంతోపాటు ప్రతి ఇంటికీ రూ.2,000 పక్కన పెట్టండి. పథకం ప్రకారం ఐదేళ్ల నిర్వహణ మీ మెడకే ఉంది. ఇన్వర్టర్ ఆగిందని ఫోన్ వచ్చిన రోజు పెట్రోలు ఖర్చు కూడా మీదే. దీన్ని భారంగానే చూడకండి. క్వారీల దుమ్ము, సిమెంటు దుమ్ము పడే మీ జిల్లాలో ప్యానెళ్లు కడగడం, ఎర్తింగ్ చూడటం, వదులైన బోల్టులు బిగించడం ఏడాది పొడుగునా ఉండే పని. మీరు బిగించనివి, ఎప్పుడో పెట్టించుకుని పట్టించుకునేవాళ్లు లేనివి ఎన్నో ఉంటాయి. మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ప్రైవేటు స్కూళ్లతో ఏడాదికింత అని నిర్వహణ ఒప్పందాలు చేసుకుంటే వానాకాలంలో కుర్రాళ్ల జీతాల్లో కొంతైనా అక్కడి నుంచి వస్తుంది. దానికి అప్పు అక్కర్లేదు. పథకానికి పెట్టిన గడువు 2026–27 వరకే. ఆ తర్వాత కూడా మీ కుర్రాళ్లకు పని ఉండాలంటే ఈ దారి ఇప్పుడే వేసుకోవాలి.

ఇక ఆ రూ.38,000 సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది అదే. చెయ్యి విరిగింది కాబట్టి రూ.38,000. ఆ కుర్రాడి ప్రాణమే పోయి ఉంటే? పనిలో ఉండగా ప్రమాదం జరిగితే పరిహారం ఇవ్వాల్సింది యజమాని అని చట్టం చెబుతోంది. మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. పాతికేళ్ల కుర్రాడికి ఆ గుణకం 216.91. రూ.15,000 జీతానికి లెక్క కడితే రూ.16 లక్షలు దాటుతుంది. మీకు జీతాల రిజిస్టరు లేకపోయినా, నియామక పత్రం ఇవ్వకపోయినా ఈ బాధ్యత తప్పదు. అన్నిటికన్నా ముందు, అది ఒక తల్లి కొడుకు ప్రాణం. మీ ఊరి కుర్రాడే కదా.

పది మంది ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వస్తుంది, ఐదుగురికి మీ అంతట మీరే ఏర్పాటు చేసుకోవాలి. వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ (యజమాని ఇవ్వాల్సిన ఆ పరిహారానికి బీమా) ఈ నెలలోనే తీసుకోండి. పనిని ‘ఎలక్ట్రికల్ షాపు’ అని కాకుండా, ఎత్తులో ఎక్కి సోలార్ బిగించే పని అని స్పష్టంగా రాయించండి. లేకపోతే క్లెయిము రోజున అక్కడే పట్టుకుంటారు. ఆస్పత్రి ఖర్చు కూడా కలిసేలా అడగండి. ఐదుగురికీ కలిపి ఏడాది ప్రీమియం మీకు ఒక ఇంటి మీద, మహా అయితే రెండిళ్ల మీద మిగిలే డబ్బు. ఏడాదికి రూ.20 కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా అందరి చేతా చేయించండి. కానీ అది రూ.2 లక్షల వరకే, ఆస్పత్రి బిల్లు ఇవ్వదు, దాన్ని చూసుకుని మొదటిది మానొద్దు. సేఫ్టీ బెల్టు, తాడు, హెల్మెట్ లేకుండా ఎవరినీ మేడ ఎక్కించొద్దు. రేకుల కప్పు అయితే పలకలు పరవకుండా అసలు ఎక్కించొద్దు.

మీ పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా వెంటనే చేయించండి. ముద్ర అప్పు (చిన్న వ్యాపారాలకు తాకట్టు లేకుండా ఇచ్చే బ్యాంకు అప్పు) గురించి నిధి పూర్తయ్యాక, అది కూడా పనిముట్లకు మాత్రమే ఆలోచించండి. సిప్ ఇప్పుడు వద్దు.

ఇరుక్కున్న డబ్బు రాబట్టే పని ఈ వారమే మొదలుపెట్టండి. తొమ్మిది ఇళ్ల దరఖాస్తులూ పథకం పోర్టల్‌లో ఏ దశలో ఆగాయో రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ స్వయంగా వెళ్లండి. పేరు తేడాలుంటే మీరే వెంట ఉండి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో, బ్యాంకులో సరిచేయించండి. సబ్సిడీ పడిన వారంలో ఇస్తానని, ఫలానా తేదీకి పడకపోయినా ఇస్తానని సంతకం తీసుకోండి. మొదట వచ్చే ఐదిళ్ల రూ.3,90,000 నేరుగా డిస్ట్రిబ్యూటర్‌కు కట్టండి. ఆయనకు ఈ ప్రణాళిక ఇప్పుడే చెప్పి గడువు అడగండి, రెండేళ్లుగా కొంటున్న మనిషికి ఆ మాత్రం గడువు ఇస్తారు. మిగతా నాలుగిళ్ల రూ.3,12,000తో మీ ఆవిడ నగలు విడిపించండి. వ్యాపారానికని వాటిని మళ్లీ అడగొద్దు.