దూలాలు పట్టుకుపోయాడు, గోడలు వదిలేశాడు

ప్రశ్న: తెనాలి దగ్గర మా ఊళ్లో తాతగారి నాటి గొడ్ల సావిడి ఉంది. పడగొట్టి, మట్టి ఎత్తేసి, స్థలం చదును చేసేలా ఒక కాంట్రాక్టరుతో నోటిమాటగా ఒప్పుకున్నాం. టేకు కలప, పెంకులు అతనికే. అందుకు మాకు 90 వేలు ఎదురివ్వాలి. 20 వేలు బయానా ఫోన్‌పేలో వేశాడు. మిగతాది దూలాలు దించిన రోజే ఇస్తానన్నాడు. దూలాలు, పెంకులు ట్రాక్టరుకెత్తుకుని వెళ్లాక ఫోన్ ఎత్తడం లేదు. ద్వారబంధాలు, నాలుగు గుంజలు, మట్టిగోడలు మిగిలాయి. తమ గోడ బీటలిచ్చిందని పక్కింటివాళ్లు గొడవ. కాగితం లేదు కదా, ఏం చేయగలం?

జవాబు: కాగితం లేకపోయినా ఒప్పందం ఒప్పందమే. 1872 కాంట్రాక్టు చట్టానికి నోటిమాట చాలు, చిక్కల్లా రుజువు దగ్గరే. బయానా ఫోన్‌పేలో పడింది కాబట్టి మీకు అదీ సగం తీరినట్టే. వాట్సాప్‌లో మాట్లాడుకున్నవేమైనా ఉంటే చెరపకండి.

ఈ బేరంలో కాంట్రాక్టరు లాభమంతా కలపలోనే ఉంటుంది. గోడలు కూల్చడం, మట్టి ఎత్తడం అతనికి ఖర్చు. కలప ముందే గేటు దాటితే మళ్లీ వచ్చే అవసరం అతనికేముంది? డబ్బు చేతిలో పడ్డాకే దూలం కదలాలని ఎవరికైనా చెబుతాను.

అయినా మీ చేతిలో ఇంకా కొంత ఉంది. విప్పి ఇచ్చే షరతుతో అమ్మిన దూలం, గుంజ 1930 సరుకుల అమ్మకం చట్టం దృష్టిలో సరుకే, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. డబ్బు పూర్తిగా ముట్టని అమ్మకందారు, కొంత సరుకు ఇచ్చేసినా, తన దగ్గర మిగిలినదాన్ని పట్టి ఉంచుకోవచ్చు. కాబట్టి ఆ ద్వారబంధాలు, గుంజలు లోపల పెట్టి తాళం వేయండి. ఫొటోలు తీయండి. అమ్మేయకండి మాత్రం, దానికి ముందు అతనికి నోటీసివ్వాలి.

పోలీసు స్టేషనుకు వెళ్తే ‘ఇది సివిల్’ అంటారు. చాలావరకు నిజమే. మొదటినుంచీ ఎగ్గొట్టాలనే ఉద్దేశంతోనే వచ్చాడని చూపగలిగితే తప్ప మోసం కేసు నిలవదు. ముందు లాయరు నోటీసు స్పీడ్ పోస్టులో పంపించండి: మిగతా 70 వేలు, దాంతోపాటు గోడలు కూల్చి చదును చేయడానికి వేరొకరికి అయ్యే ఖర్చు. ఆ ఖర్చుకు ఇద్దరు ముగ్గురు జేసీబీవాళ్ల దగ్గర రాతపూర్వకంగా రేటు తీసుకోండి. కదలకపోతే న్యాయ సేవల సంస్థలో, కేసు వేయకముందే, లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. అదీ కుదరకపోతే సివిల్ దావా. డబ్బు ఇవ్వాల్సిన రోజు నుంచి మూడేళ్లలోపు వేయాలి.

పక్కింటి గోడ సంగతి మాత్రం వాయిదా వేయకండి. ‘కాంట్రాక్టరు చేసిన పని’ అంటే కుదరదు. ఆనుకుని ఉన్న గోడకు దన్ను పోయేలా కూల్పించినప్పుడు యజమానికి బాధ్యత తప్పదు. సగం కూల్చి వదిలేసిన గోడ ఎవరిమీదైనా పడే ప్రమాదముంటే భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ వారంలోనే ఒక ఇంజినీరుకు చూపించి దన్ను కట్టెలు పెట్టించండి. కరెంటు సర్వీసు వైరు ఇంకా ఉంటే తీయించండి. ఆ బిల్లులన్నీ దాచి, నోటీసులో కలపండి.