ఫోన్‌లో నెట్ పరుగెడుతోంది, ల్యాప్‌టాప్‌లో పాకుతోంది: తప్పు ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్నలో చాలా పనికొచ్చే మాట ఒకటుంది. ఒకే గదిలో, ఒకే వైఫై మీద ఫోన్‌లో వీడియోలు ఆగకుండా వస్తున్నాయి, ల్యాప్‌టాప్‌లో మాత్రం ఒక పేజీ తెరుచుకోవడానికే నిమిషం పడుతోంది అన్నారు. డ్రైవర్ మళ్లీ వేశారు, రౌటర్ ఆపి ఆన్ చేశారు, ఫలితం లేదు, ఇక ఫార్మాట్ చేసేయమంటారా అని అడిగారు. దయచేసి ఇప్పుడే ఆ పని చేయకండి. సరిగ్గా ఇదే పరిస్థితిలో నేను ఫార్మాట్ చేశాను. ఆదివారమంతా పోయింది, సాఫ్ట్‌వేర్లన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ వేసుకున్నాను. సోమవారం ఉదయం మీటింగ్‌లో నా గొంతు మళ్లీ ముక్కలు ముక్కలుగానే వినిపించింది. దాదాపు రెండు నెలలు ఆ టెన్షన్ పడ్డాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ల్యాప్‌టాప్ నుంచి బయటికి వెళ్లే దారిలో రెండు ముక్కలున్నాయి. ఒకటి ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా గాలిలో వెళ్లేది. రెండోది రౌటర్ నుంచి నెట్ ఇచ్చే కంపెనీ మీదుగా బయటికి వెళ్లేది. స్పీడ్ టెస్ట్ ఈ రెండిటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. తప్పు ఏ ముక్కలో ఉందో దాన్ని చూసి చెప్పలేం. నేను మొదటి మూడు వారాలు స్పీడ్ టెస్టులే చేస్తూ, కంపెనీకి ఫోన్లు చేస్తూ గడిపాను. వాళ్లవైపు ఏ లోపమూ లేదని తర్వాత తేలింది.

అందుకని ముందు మొదటి ముక్కను విడిగా పరీక్షించండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్‌లో పింగ్ (ping) అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, రౌటర్ అడ్రస్ వేయండి. ఇది రౌటర్‌ను పలకరించి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో చూపిస్తుంది. చాలా రౌటర్లకు అది 192.168.1.1 లేదా 192.168.0.1, సాధారణంగా రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. చివర మళ్లీ స్పేస్, హైఫన్, టి అక్షరం కలిపితే మీరు ఆపేదాకా నడుస్తూ ఉంటుంది. ఒకే గదిలో ఉన్నప్పుడు ప్రతి జవాబూ 1 నుంచి 5 మిల్లీసెకన్లలో వస్తే గాలిలో దారి బాగున్నట్టే. అప్పుడప్పుడు ఒకటి 20, 30కి వెళ్తే కంగారు పడక్కర్లేదు. నాకు మాత్రం 3, 4, 380, 2, 910, తర్వాత అసలు జవాబే లేదు, ఇలా వచ్చింది. రౌటర్ రెండు మీటర్ల దూరంలో కళ్లెదుటే ఉంది! తప్పు ఇంట్లోనే ఉందని అప్పుడు నమ్మాను.

రెండో పరీక్షకు అర నిమిషం చాలు. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగానికి వెళ్లి, మీరు వాడుతున్న వైఫై ప్రాపర్టీస్ తెరవండి. కిందికి వెళ్తే ప్రోటోకాల్, నెట్‌వర్క్ బ్యాండ్, ఛానల్, లింక్ స్పీడ్ కనిపిస్తాయి. బ్యాండ్ (వైఫై నడిచే రేడియో తరంగాల శ్రేణి) దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ అనీ, లింక్ స్పీడ్ దగ్గర 72 అనీ ఉంటే, మీ ప్లాన్ ఎంత పెద్దదైనా ల్యాప్‌టాప్‌కు చేరేది 35, 40 ఎంబీపీఎస్ మాత్రమే. లింక్ స్పీడ్ అనేది కాగితం మీది లెక్క, అసలు వేగం అందులో సుమారు సగం ఉంటుంది. అదే ల్యాప్‌టాప్ 5 గిగాహెర్ట్జ్ మీద వైఫై 5తో (వైఫైలో ఐదో తరం) కలిస్తే అక్కడ 433 లేదా 866 లాంటి అంకె కనిపిస్తుంది. ఇంకో మాట: డౌన్‌లోడ్ విండో చూపించేది తరచుగా మెగాబైట్లలో, ప్లాన్ చెప్పేది మెగాబిట్లలో. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో డౌన్‌లోడ్ సెకనుకు 12 మెగాబైట్లు చూపిస్తే అది పూర్తి వేగమే.

ఇక నా విషయంలో దొంగ ఎలా దొరికిందో చెప్తాను, ఎందుకంటే ఇది చాలామందికి తట్టదు. ఒకరోజు మీటింగ్ మధ్యలో కేబుళ్లు తీసేసి ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కగదిలోకి వెళ్లాను. రౌటర్‌కు దూరమయ్యాను, మధ్యలో గోడ వచ్చింది, నెట్ మాత్రం చక్కగా అయిపోయింది. బల్ల దగ్గరికి తిరిగొచ్చాక మళ్లీ పాత కథే. దూరం వెళ్తే బాగుపడటం ఏమిటని కూర్చుని ఆలోచిస్తే, బల్ల మీద ఉండి పక్కగదిలో లేనిది ఒకటే కనిపించింది: బ్యాకప్ కోసం ఎప్పుడూ తగిలించి ఉంచే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. పింగ్ నడుస్తుండగానే దాని కేబుల్ తీశాను. అంకెలు వెంటనే 2, 2, 3, 2కి దిగాయి. తగిలిస్తే మళ్లీ వందల్లోకి. నాలుగుసార్లు తీసి పెట్టి చూశాను, నాలుగుసార్లూ అంతే.

కారణం ఇది. యూఎస్‌బీ 3.0 పరికరాలు సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపుతాయి. ఆ వేగంలో కేబుల్ నుంచి, కనెక్టర్ నుంచి రేడియో రొద బయటికి వస్తుంది. అందులో కొంత సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వాడే చోటే పడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. పక్కన లౌడ్‌స్పీకర్ మోగుతుంటే ఎదుటివాళ్ల మాట వినపడనట్టు, ల్యాప్‌టాప్ యాంటెన్నాకు రౌటర్ మాట వినపడదు. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే కనిపిస్తాయి, మనల్ని తప్పుదారి పట్టించేది అదే. వైర్‌లెస్ మౌస్ కూడా 2.4లోనే నడుస్తుంది కాబట్టి, డిస్క్ తగిలించినప్పుడు మౌస్ కూడా తడబడితే ఇది గట్టి ఆధారం. నీలం రంగు పోర్టులకు తగిలించే డిస్కులు, డాక్‌లు, హబ్‌లు అన్నీ తీసేసి ఒక్కసారి చూడండి. అదే కారణమైతే డిస్క్ పారేయక్కర్లేదు. బాగా షీల్డ్ చేసిన పొడవాటి కేబుల్‌తో దాన్ని ల్యాప్‌టాప్‌కు దూరంగా పెట్టండి, లేదా వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి.

5కు మార్చడం ఈ గొడవ లేనివాళ్లకూ మంచిదే. చాలా రౌటర్లు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెడతాయి. ఫోన్ తెలివిగా 5 ఎంచుకుంటుంది, ల్యాప్‌టాప్ 2.4ను పట్టుకుని వదలదు. మీ ఫోన్, ల్యాప్‌టాప్ మధ్య తేడాకు ఇదే కారణం అయ్యే అవకాశం నాకు ఎక్కువగా కనిపిస్తోంది. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు ప్రాపర్టీస్ తెరిచి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అనే వరుస ఉంటే 5 ఎంచుకోండి. లేకపోతే రౌటర్ సెట్టింగ్స్‌లో 5కు వేరే పేరు పెట్టి, ల్యాప్‌టాప్‌ను దానికే కలపండి. రెండు మూడు గోడల అవతల కూర్చునేవాళ్లకు మాత్రం 2.4 తప్పదు. అప్పుడు ఛానల్ 1, 6, 11లో ఖాళీగా ఉన్నది చూసుకోండి, ఒకదాని మీద ఒకటి పడనివి అవే.

మా అక్క ల్యాప్‌టాప్‌లో ఇంకో వింత చూశాను. లింక్ స్పీడ్ ఎప్పుడు చూసినా 54 దాటేది కాదు. రౌటర్ సెక్యూరిటీ సెట్టింగ్‌లో టీకేఐపీ అనే, వైఫై డేటాను రహస్య సంకేతాలుగా మార్చే పాత పద్ధతి ఉంది. ఆ పద్ధతి ఉంటే వైఫై 4, ఆ తర్వాతి వేగాలు పనిచేయవు, కార్డు పాత 54 దగ్గరే ఆగిపోతుంది. దానికన్నా కొత్త పద్ధతి అయిన డబ్ల్యూపీఏ2, ఏఈఎస్‌కు మార్చగానే సరిపోయింది. ఇది భద్రతకు కూడా ముఖ్యం కాబట్టి, వేగం సంగతి పక్కనపెట్టినా ఒకసారి చూసుకోండి.

ఛార్జర్ తీస్తేనే నెమ్మదిస్తుంటే పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్‌కు పూర్తి సామర్థ్యం ఇవ్వండి (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస కనిపించదు). బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడే ఇబ్బంది అయితే అదీ 2.4లోదే, మందు పైన చెప్పిన 5 గిగాహెర్ట్జే. టాస్క్ మేనేజర్‌లో నెట్‌వర్క్ వరుస మీద నొక్కితే ఎవరు ఎక్కువ వాడుతున్నారో పైకి వస్తుంది. ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతూ అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా ఈడుస్తుంది. ఆఫీసు వీపీఎన్ (మీ నెట్‌ను ఆఫీసు సర్వర్ మీదుగా పంపేది) ఉంటే ఆపి ఒకసారి పోల్చండి.

నెట్ వేగం పెంచుతామనే బూస్టర్ యాప్‌లు మాత్రం వేయకండి, గాలిలో ఉన్న అడ్డును ఏ యాప్ తీసేయలేదు. డీఎన్ఎస్ (సైట్ పేరును దాని అంకెల అడ్రస్‌గా మార్చే సేవ) మార్చితే పేజీ తెరుచుకోవడం మొదలయ్యేటప్పుడు కొంచెం తేడా ఉండొచ్చు, డౌన్‌లోడ్ వేగం సాధారణంగా పెరగదు. ఎక్స్‌టెండర్ (వైఫై సిగ్నల్‌ను అందుకుని మరింత దూరం పంపే పరికరం) కొనేముందు కూడా ఆగండి. ఒకే రేడియోతో వినడం, మళ్లీ పంపడం రెండూ చేసే రకాలు వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి. పైగా మీది రౌటర్ ఉన్న గదిలో సమస్య, దూరం సమస్య కాదు.

ఈమధ్య ల్యాప్‌టాప్‌ను రిపేరుకు ఇచ్చారా? లోపల వైఫై కార్డుకు రెండు సన్నటి యాంటెన్నా తీగలు తగిలి ఉంటాయి. స్క్రీన్ లేదా కీబోర్డ్ మార్చేటప్పుడు అందులో ఒకటి ఊడితే రౌటర్ పక్కనే ఉన్నా సిగ్నల్ సగమే చూపిస్తుంది. అలా ఉంటే వెనక మూత తీయగలిగినవాళ్లకు చూపించండి, తీగ నొక్కి పెట్టడం నిమిషం పని. కార్డే పాతదై 5 గిగాహెర్ట్జ్ పట్టకపోతే, చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌తో గడిచిపోతుంది.

యూఎస్‌బీలన్నీ తీసేసి ఒకసారి, తగిలించి ఒకసారి, రెండు నిమిషాల చొప్పున రౌటర్‌కు పింగ్ నడపండి. ఆ అంకెలు, ప్రాపర్టీస్‌లో కనిపించిన బ్యాండ్, లింక్ స్పీడ్ ఇక్కడ రాయండి. వాటిని చూసి తర్వాత ఏం చేయాలో చెప్తాను.