తొమ్మిది ఒకట్లు, ఎక్సెల్‌ల మాయమైన 21

ప్రశ్న: అన్నా, నేను ధర్మాబాద్‌ల ఒక మిర్చి అడ్తి దుకాణంల లెక్కలు రాస్త. గిరాకి లేనప్పుడు ఊకనే ఎక్సెల్‌ల 111111111ని దాంతోనే గుణిస్తే చివర 300 వచ్చింది. మా బిడ్డ వాళ్ల స్కూల్ సారేమో జవాబు 12345678987654321, ఇటు నుంచి చదివినా అటు నుంచి చదివినా ఒక్కటే అన్నడట. ఎవరిది కరెక్టు? పది ఒకట్లు పెట్టినా అట్లనే వస్తదా? ఇది ఏ ఎక్కంల పోతది?
- ఒక పాఠకుడు, నాందేడ్ జిల్లా

జవాబు: సారుదే కరెక్టు తమ్మీ. ఎక్సెల్ 15 అంకెల దాకనే చూపిస్తది, దీనికి 17 ఉన్నయి, అందుకే ఆఖరి 21 పోయి సున్నాలు పడ్డయి. అడ్తి లెక్కలకు ఏం భయం లేదు గానీ 16 అంకెల కార్డు నంబర్ గిట్ల కొట్టేటప్పుడు సెల్‌ను ముందే టెక్స్ట్ చేసి పెట్టు, లేకుంటే చివరి అంకె సున్నా అయితది.

ఇగ అసలు సంగతి. కాగితం మీద అదే 111111111ని తొమ్మిది వరుసలు రాయి, ఒక్కో వరుసకు ఒక్కో స్థానం ఎడమకు జరుపుకుంట, తర్వాత నిలువుగ కూడు. కుడి చివర 1, దాని పక్కన 2, తర్వాత 3, నడుమ 9, మళ్ల తగ్గుకుంట పోతది. ఎక్కడా పది కాలే, చేతిల ఏం మిగల్లే, గందుకే రెండు దిక్కుల ఒక్క తీరుగ ఉన్నది. పది ఒకట్లు పెడితే నడుమ 10 వస్తది, సున్నా వేసి ఒకటి చేతిల పట్టుకుంటవ్, అది పక్కనున్న 9ని పది చేస్తది, అక్కడి నుంచి ఇంకో ఒకటి పోయి 8ని 9 చేస్తది, ఆఖరికి 1234567900987654321 అయి కూసుంటది. వెనక నుంచి చదివితే వేరే నంబర్.

ఎక్కాల సంగతి అంటవా, 111111111 అంటే 9 × 37 × 333667, ఈ మూడోది ప్రధాన సంఖ్య. సారు నంబర్ దీని వర్గం కాబట్టి 81 ఎక్కంల పోతది, 37ల పోతది, మొత్తం 45 భాజకాలు. 11ల మాత్రం పోదు, 1 మిగుల్తది. గదే పాలిండ్రోమ్‌ల, అంటే రెండు దిక్కుల ఒక్క తీరుగ చదివే నంబర్‌ల, మొత్తం అంకెలు సరి సంఖ్యల ఉంటే 11ల పోవుడు ఖాయం, 1221 చూడు, 745547 చూడు. ప్రతి అంకె ఒకసారి బేసి స్థానంల, ఒకసారి సరి స్థానంల పడతది కదా, బేసి స్థానాల మొత్తంల నుంచి సరి స్థానాల మొత్తం తీసేస్తే సున్నా, అట్ల సున్నా వస్తే 11ల పోయినట్టే. అందుకే అట్లాంటి వాటిల 11 ఒక్కటే ప్రధాన సంఖ్య, ఎంత పెద్దగ పోయినా ఇంకోటి దొరకదు. నాకైతే ఈ ముచ్చటే ఎక్కువ నచ్చుతది.

ఈ ఆట పాతదే. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంల, 9వ శతాబ్దంల, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంల 27994681ని 441తో గుణించమన్నడు, జవాబు 12345654321. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంల మన పావులూరి మల్లన తెలుగు చేసిండు. 441 అంటే 21 వర్గం, అవతలిది 5291 వర్గం, 21ని 5291తో గుణిస్తే ఆరు ఒకట్లు. దుకాణంల ఉండే 12 అంకెల కాలిక్యులేటర్ మీద ఇది ఫుల్లుగ కనిపిస్తది, ఏడు ఒకట్ల వర్గం కొడితే మాత్రం ఎర్రర్ అంటది, జవాబు 13 అంకెలు మరి.