బిరుసు జుట్టుకు అంగడి షాంపూ

అనంతపురం

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

షాంపూ పెట్టుకున్న ప్రతిసారీ జుట్టు పీచులా లేస్తోందనీ, దువ్వెన దిగడం లేదనీ, ఇంక పార్లర్‌కు పోయి స్మూతెనింగ్, అంటే మందు పెట్టి ఉంగరాలు సాఫీ చేయడం, చేయించుకుంటాననీ అన్నావంట. ఆ పని కొన్నాళ్లు ఆపు. నీ జుట్టులో లోపం ఏమీ లేదు తల్లీ. లావు వెంట్రుక, పైగా ఉంగరాలు. మామూలు అంగళ్లలో అమ్మే షాంపూలు, కండిషనర్లు దానికీ పనికొస్తాయి. టీవీలో చూపించే సన్నటి, జారే జుట్టుకు వాడినట్టే వాడితే మాత్రం ఎదురు తిరుగుతాయి.

నెత్తి మీద ఊరే నూనె సాఫీగా ఉన్న వెంట్రుక వెంట కొస దాకా జారుతుంది. ఉంగరాల వెంట్రుకలో మలుపు మలుపుకూ ఆగిపోతుంది. అందుకే నీకు కుదుళ్లు జిడ్డుగానూ, కొసలు ఎండిపోయీ ఉంటాయి. షాంపూ కుదుళ్లకు, కండిషనర్ కొసలకు. ఈ ఒక్కటీ పట్టుకుంటే సగం బాధ తీరుతుంది.

దానికన్నా ముందు మీ హాస్టల్ నీళ్లు చూడు. మన జిల్లాలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లే. హీటర్ కడ్డీ మీద తెల్లటి పక్కు కడుతోందా? బకెట్ అంచున తెల్ల చార నిలుస్తోందా? అనుమానం తీరకపోతే చిన్న సీసాలో సగం నీళ్లు పోసి, ఒంటి సబ్బు చిటికెడు తురిమి వేసి గట్టిగా ఊపు. నురగ నిలబడితే నీళ్లు మంచివి. నురగ రాకుండా తెల్లటి తెట్టు కడితే ఉప్పు నీళ్లని అర్థం. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకల మీద పొరగా పేరుకుంటాయి. ఆ పొర మీద ఎంత ఖరీదైన కండిషనర్ పూసినా చేతికి గరుకే తగులుతుంది. ఒంటి సబ్బు తలకు రుద్దవద్దనేది కూడా ఇందుకే. సీసాలో చూసిన ఆ తెట్టే జుట్టుకు అతుక్కుంటుంది.

నీళ్లు కాచినా ఉప్పు మొత్తం పోదు. పటిక వేస్తే తేరేది మురికి మాత్రమే. కడగడమంతా బోరు నీళ్లతోనే కానిచ్చి, ఆఖరున ఫిల్టర్ నీళ్లు రెండు చెంబులు పోసుకో. 20 లీటర్ల క్యానులో రెండు లీటర్లు పోతే నష్టమేమీ లేదు. పదిహేను రోజులకొకసారి లీటరు ఫిల్టర్ నీళ్లలో పెద్ద చెంచాడు, అంటే 15 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి, షాంపూ అయ్యాక జుట్టు మీద పోసి, రెండు నిమిషాలుంచి కడిగెయ్యి. ఆ తర్వాత కండిషనర్. పేరుకున్న పొర కరుగుతుంది. నెత్తి మీద పుండో గీరుడో ఉంటే ఆ వారం మానెయ్యి. వెనిగర్ బదులు నిమ్మకాయ నేరుగా పిండుకోవద్దు. రసం చర్మం మీద ఉండగా ఎండలోకి పోతే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి.

ఇక షాంపూ. సీసా ముందు వైపు ఉల్లి, మందారం, కలబంద బొమ్మలుంటాయి. వాటిని చూసి కొనకు, తిప్పి వెనక వైపు చదువు. ఎక్కువ ఉన్న పదార్థం ముందు, తక్కువ ఉన్నది వెనక రాస్తారు. నీళ్ల తర్వాత చాలావాటిలో సోడియం లారెత్ సల్ఫేట్ కనబడుతుంది. జిడ్డు వదిలించేది అదే. విషమని భయపడకు, కానీ బిరుసు జుట్టుకు పొడవునా రుద్దావంటే ఉన్న కాస్త నూనే ఊడ్చుకుపోతుంది. పక్కన కోకామిడోప్రొపైల్ బీటైన్ ఉంటే దాని ఘాటు తగ్గుతుంది. గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్ అని బారెడు పేరుంటే ఆ సీసా తీసుకో. మనం మటిక్కాయలంటామే, ఆ గోరుచిక్కుడు గింజల జిగురు నుంచి చేసే పదార్థం, చిక్కు తగ్గిస్తుంది. ఇ.డి.టి.ఎ. ఉంటే కాల్షియాన్ని పట్టుకుంటుంది కాబట్టి ఉప్పు నీళ్లకు మంచిది. సల్ఫేట్ లేదని పెద్ద అక్షరాలతో రాసినవన్నీ మెత్తనివి కావు. ఒలెఫిన్ సల్ఫోనేట్ ఉంటే అదీ గట్టిగానే కడుగుతుంది.

నీ నడుం దాకా ఉన్న జుట్టుకు ఒక చిన్న సాచెట్ చాలు, అయిదారు మిల్లీలీటర్లుంటుంది. పావు లీటరు నీళ్లలో కలుపు. జుట్టు నాలుగు పాయలు చేసి, పాపిళ్ల వెంట కొంచెం కొంచెం పోసుకుంటూ వేళ్ల కొసలతో నెత్తి మాత్రమే రుద్దు, గోళ్లు తగలనివ్వకు. కిందికి జారే నురగే పొడవునంతా శుభ్రం చేస్తుంది. జుట్టంతా నడినెత్తిన కుప్ప చేసి రుద్దినందుకే ఆ ముళ్లు పడేది. కలిపిన షాంపూ మిగిలితే పారబొయ్యి. నీళ్లు కలిస్తే, చెడిపోకుండా అందులో వేసే నిలవ మందు పలచబడి సూక్ష్మజీవులు పెరుగుతాయి. వారానికి రెండుసార్లకు మించి అక్కర్లేదు.

నూనె దగ్గరే మన ఇళ్లల్లో ఎక్కువ పొరపాటు జరుగుతుంది. కారేలా పెట్టడం, అది వదలడానికి మూడు తడవలు షాంపూ పెట్టడం. పెట్టిన మేలు కన్నా తీసేటప్పుడు జరిగే చెరుపే ఎక్కువ. తలకు పోసుకునే ముందు రాత్రి కొబ్బరినూనె రెండు చిన్న చెంచాలు, చెవుల కింది నుంచి కొసల దాకా, అంతే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గిస్తుందని మన దేశంలో చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. పొద్దుతిరుగుడు నూనె, పెట్రోలియం నుంచి తీసే మినరల్ ఆయిల్ ఆ పని చేయలేకపోయాయి. ఆముదం మాత్రం వద్దు. చిక్కటిది, పొడవాటి ఉంగరాల జుట్టుకు దట్టంగా పట్టించి రుద్దితే ఒక్కోసారి జడలు కట్టి కత్తిరించడం తప్ప దారి ఉండదు. కుంకుడుకాయ వాడతానంటే వాడు, అదీ జిడ్డు తీసేదే, బిరుసు జుట్టును అదీ ఎండగడుతుంది. కుంకుడు పోసుకున్నాక కండిషనర్ పెట్టకూడదని ఎవరూ అనలేదు.

నీ జుట్టుకు అసలు సరుకు కండిషనర్. దీన్ని పిసినారితనంగా వాడొద్దు. షాంపూకు మూడింతలు, అంటే 15 నుంచి 20 మిల్లీలీటర్లు, మూడు నాలుగు చిన్న చెంచాలు పడుతుంది. ముందు జుట్టు బాగా పిండుకో. నీళ్లు కారుతుండగా పెడితే సగం కాలవలోకి పోతుంది. ఒక పాయను రెండు అరచేతుల మధ్య పట్టి పైనుంచి కిందికి నిమురు. ఉంగరాలు విడిపోయి, తడి వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుని నున్నటి పట్టీలా చేతిలో జారాలి. ఎక్కడ గరుకు తగిలితే అక్కడ ఇంకొంచెం పెట్టు. కండిషనర్ తల మీద ఉండగానే పెద్ద పళ్ల దువ్వెనతో చిక్కు తియ్యి. కొసన నాలుగు వేళ్ల మేర ముందు విడదీసి, తర్వాత ఇంకో నాలుగు వేళ్లు పైకి, అలా కుదుళ్ల దాకా పో. పైనుంచి లాగితే చిక్కంతా కిందికి దిగి ముడై తెగుతుంది. అయిదు నిమిషాలుంచి కడుగు. ఇంకా కొంచెం జారుడు తెలుస్తుండగానే ఆపెయ్యి. ఆఖరున వీపు, మెడ సబ్బుతో కడుక్కో, లేకపోతే కండిషనర్ జిడ్డుకు పొక్కులొస్తాయి.

కండిషనర్ సీసా మీద సెటరిల్ ఆల్కహాల్ అని చూసి జడుసుకోకు, అది కొవ్వు జాతిది, మెత్తబరుస్తుంది. బెహెంట్రైమోనియం లేదా సెట్రిమోనియం క్లోరైడ్ ఉందో లేదో చూడు, చిక్కు వదిలించేవి అవే. డైమెథికోన్ లావు వెంట్రుకకు నున్నదనం ఇస్తుంది, కానీ నీళ్లలో కరగదు. మరీ మెత్తటి షాంపూతో వాడితే పేరుకుని, జుట్టు మైనం పూసినట్టయి నీళ్లు పట్టదు. అలా అనిపిస్తే ఒకసారి మామూలు సల్ఫేట్ షాంపూ పెట్టు, పోతుంది.

తువ్వాలుతో రుద్దకు. పాత నూలు పంచెతో అదిమి, తడి ఉండగానే సీరమ్, అంటే జుట్టుకు నున్నదనం ఇచ్చే ద్రవం, మూడు చుక్కలు కొసలకు రాసి వదిలెయ్యి. ఆరాక దువ్వితే ఉంగరాలు విడిపోయి లేస్తాయి. తడి జుట్టు జడ వేస్తే వాసన పడుతుంది. మార్చి నుంచి మే దాకా మన పొడిగాలిలో గ్లిజరిన్ ఎక్కువున్న క్రీములు తలకు రాసి వదిలెయ్యొద్దు, జుట్టు ఇంకా పొంగుతుంది. కడిగేసే కండిషనర్‌లో ఉంటే ఫర్వాలేదు.

ఏది కొన్నా ముందు సాచెట్లే కొను. ఒకసారికి ఒక్కటే మార్చు. షాంపూ, కండిషనర్, నూనె అన్నీ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో తేలదు. నాలుగు తలస్నానాలు చూశాక తేల్చుకో. మొదటిసారి నున్నగా ఉండటం లెక్క కాదు. నుదురు, చెవుల వెనక, మెడ దురద పెడితే ఆ రోజే ఆపెయ్యి. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే నిలవ మందు కొందరికి పడదు.

ఇక పార్లర్ సంగతి. ఉంగరాల జుట్టును సాఫీ చేసే మందులు వెంట్రుక లోపలి బంధాలను తెంచి మళ్లీ అతికిస్తాయి. కుదుళ్ల నుంచి వచ్చేది మళ్లీ ఉంగరాలే, పాతదీ కొత్తదీ కలిసే చోట పుటుక్కున తెగుతుంది. కెరటిన్ (వెంట్రుకలోని ప్రోటీన్) పేరుతో పెట్టేవాటిలో కొన్ని వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ అనే విష వాయువు వదులుతాయి, కళ్లు మండేది దానికే. ఫార్మాల్డిహైడ్ లేదంటూ గ్లైఆక్సిలిక్ యాసిడ్ పెట్టించుకున్నవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఎవరెంత బతిమాలినా సీసా వెనక చదవకుండా నెత్తి అప్పగించకు.

జుట్టు రాలుతోందన్నావు కదా, రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడు. ఒక కొసన చిన్న తెల్లటి గింజ ఉంటే కుదురు నుంచి రాలింది. లేకపోతే మధ్యలో తెగింది, దానికి పైన రాసినవన్నీ పనిచేస్తాయి. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే, జడలో ఇరుక్కున్నవి తలస్నానం రోజు ఒక్కసారిగా ఊడివస్తాయి. గింజ ఉన్నవే గుప్పెడు గుప్పెడు రెండు మూడు నెలలుగా పోతుంటే షాంపూలు మార్చుకుంటూ కూర్చోకు. సర్వజన ఆసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి పోయి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిలవ చూపేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. ఆడపిల్లల్లో రక్తహీనత మన దగ్గర ఎక్కువ.

సాచెట్లు కొన్నాక వెనక వైపు ఫొటో తీసి పంపు. అక్షరాలు చిన్నవిగా ఉంటే దగ్గరగా తియ్యి, చదివి చెబుతాను.

నీ పెద్దమ్మ