సోఫా వెనక గోడే ఉంటే వెనక స్పీకర్లు ఎక్కడ పెడతావు?

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన హాలు ఫొటోలు, కొనాలనుకుంటున్న స్పీకర్ల లిస్టు రెండూ చూశాను. ఫోన్లో చెబితే కొలతలూ అంకెలూ గుర్తుండవు, అందుకే రాస్తున్నాను. డబ్బు కట్టే ముందు ఒకసారి, గోడకి డ్రిల్లింగ్ పెట్టే ముందు ఇంకోసారి చదువు.

ముందు నీ ప్లాన్ సంగతి. ఇప్పుడున్నది 5.1, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ (బేస్ మోగించే డబ్బా). వెనక రెండు స్పీకర్లు కలిపి దాన్ని 7.1 చేద్దామనుకుంటున్నావు. నీ ఫొటోలో సోఫా వీపు గోడకి ఆనుకుని ఉంది. 7.1లో ఆ వెనక జత మనిషి వీపు వైపు, కాస్త ఎడంగా ఉండాలి. టీవీ వైపు నేరుగా చూసే చూపుని సున్నా అనుకుంటే 135 నుంచి 150 డిగ్రీల దగ్గర అన్నమాట. సోఫా వెనక కనీసం మూడు నాలుగు అడుగుల ఖాళీ లేకపోతే ఆ స్పీకర్ తల వెనకే మోగుతుంది. వెనక నుంచి కారు వచ్చినట్టు ఉండదు, చెవిలో ఎవరో అరిచినట్టు ఉంటుంది. మీ హాలు పదకొండు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు అన్నావు. సోఫా ముందుకి జరిపితే బాల్కనీ తలుపుకి అడ్డం. కాబట్టి ఆ ఇంట్లో 7.1 వద్దు. ఇది ఖర్చు తగ్గించడానికి చెబుతున్న మాట కాదు, ఆ గదికి అది కుదరదు కాబట్టి చెబుతున్నాను.

అసలు నువ్వు ఈ పని ఎందుకు మొదలుపెట్టావో గుర్తు చేసుకో. మా అక్క, అదే మీ అమ్మ, ఏమంది? "ఫైటింగులు ఇల్లు అదిరిపోయేలా వినిపిస్తాయి, మాటలు మాత్రం అర్థం కావు" అంది. దానికి వెనక స్పీకర్లు మందు కాదు. సినిమాలో మాటల్లో చాలా భాగం మధ్య స్పీకర్‌లోంచే వస్తుంది, సెంటర్ అంటామే, అది. నీ ఫొటోలో ఆ సెంటర్ టీవీ యూనిట్ అరలో, లోపలికి తోసేసి, పైన సెట్‌టాప్ బాక్స్, పక్కన రెండు రిమోట్లు, ముందు దేవుడి పటం. చెక్క డబ్బాలో పెట్టిన గొంతు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది కదా. దాన్ని అర అంచు వరకు ముందుకి లాగు. ముందు ఏ అడ్డమూ ఉంచకు. కింద ముందు భాగంలో రెండు రబ్బరు ముక్కలు పెట్టి, ముఖం అక్క కూర్చునే చోటికి, చెవి ఎత్తుకి తిరిగేలా కొంచెం పైకి వాల్చు. తర్వాత రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె) సెట్టింగుల్లో సెంటర్ లెవెల్ ఒక్కటీ 2 డెసిబెల్స్ పెంచి, అక్కతో ఏదైనా సీరియల్ చూడు. ఈ పని అయ్యేదాకా కొత్తది ఏదీ కొనకు. సగం బాధ అక్కడే పోతుందని నా నమ్మకం.

ఇంకొకటి. టీవీ నుంచి రిసీవర్‌కి ఏ వైరు పెట్టావు? ఆ సన్నటి ఆప్టికల్ కేబుల్ అయితే అది మామూలు 5.1 వరకే మోస్తుంది, తల పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ దాంట్లో రాదు. టీవీ వెనక ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి రిసీవర్‌లో అదే పేరున్న పోర్టుకి కలుపు. టీవీ సౌండ్ సెట్టింగుల్లో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే తీసేసి, పాస్‌త్రూ గానీ ఆటో గానీ పెట్టు. పీసీఎం మీద ఉంటే చాలా టీవీలు రెండు ఛానెళ్లే, అంటే ఎడమ కుడి శబ్దాలే, పంపుతాయి, మిగతా స్పీకర్లకి ఏం పంపాలో రిసీవరే ఊహించుకుంటుంది. సినిమా మొదలవగానే రిసీవర్ డిస్‌ప్లే మీద ఏం పడిందో చూడటం అలవాటు చేసుకో. లక్ష రూపాయల స్పీకర్లు పెట్టుకుని ఏళ్ల తరబడి స్టీరియో విన్న ఇళ్లు నేను చూశాను. ఒక ఇంట్లో ఆ ఒక్క సెట్టింగ్ మార్చగానే ఆ పెద్దాయన లేచి నిలబడి వెనక్కి తిరిగి చూశాడు.

ఇవన్నీ అయ్యాక కూడా పెంచాలనే ఉంటే, రిసీవర్ వెనక్కి వెళ్లి స్పీకర్ వైర్లు బిగించే టెర్మినల్స్ లెక్కపెట్టు. ఎర్రది, నల్లది కలిపి ఒక జత, ఒక్కో స్పీకర్‌కి ఒక జత. ఐదు జతలే ఉంటే అది ఐదు స్పీకర్ల మిషన్, దానికి ఆరోది తగిలించే దారి లేదు. ఏడు జతలుంటే, సరౌండ్ బ్యాక్ అని గానీ హైట్ అని గానీ రాసిన ఆ చివరి రెండు జతలు నీ చేతిలో ఉన్నట్టు. నువ్వు పంపిన మోడల్ నంబర్ చూస్తే ఏడు ఉన్నట్టే ఉంది, కానీ కంటితో చూసి ఫొటో పంపు. ఒకే డబ్బాలో అన్నీ కలిపి అమ్మే సెట్టో, సౌండ్‌బారో అయితే నీకు ఈ ఉత్తరమే రాసేవాణ్ని కాదు. వాటికి వాళ్ల సొంత స్పీకర్లు తప్ప బయటివి సాధారణంగా కలవవు.

టెర్మినల్ లేదని ఉన్న వాటికే ఇంకో జత వైర్లు చుట్టెయ్యాలని మాత్రం చూడకు. ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. స్పీకర్ వెనక 8 ఓమ్స్ అని ఉంటుంది, కరెంటుకి అది ఎంత అడ్డం పడుతుందో చెప్పే అంకె. అలాంటివి రెండు ఒకే టెర్మినల్‌కి సమాంతరంగా కలిపితే రిసీవర్‌కి కనిపించేది 4 ఓమ్స్. 6 ఓమ్స్‌వి రెండు కలిపితే 3. ఓమ్స్ తగ్గేకొద్దీ లోపల కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇళ్లలో స్పీకర్లు బిగించే పని మొదలుపెట్టిన కొత్తలో కాకినాడలో ఒకరింట్లో డాబా మీద కూడా పాటలు కావాలంటే హాల్లో జతకే ఇంకో జత కలిపాను. రెండు గంటలు బాగానే పాడింది. గృహప్రవేశం భోజనాలు సగంలో ఉండగా వేడెక్కిన వార్నిష్ వాసన వచ్చింది, ఆ స్పీకర్లని నడిపే ఛానెల్ పోయింది. తప్పు నాది. ఆ ఆంప్లిఫయర్ బాగుచేయించడానికి నాకు వచ్చిన కూలీ కంటే ఎక్కువైంది. అది కాదు బాధ, ఆ ఇంటావిడ పాటలు లేకుండానే వడ్డన చేయించింది. ఆ రోజు నుంచి రిసీవర్ వెనక ఎన్ని ఓమ్స్ వరకు ఇవ్వొచ్చు అని రాసి ఉందో చదవకుండా నేను వైరు ముట్టుకోలేదు.

మరి ఆ మిగిలిన రెండు జతలు ఏం చేద్దాం? తల పైన రెండు స్పీకర్లు పెడదాం. ముందు మూడు, పక్కల రెండు, సబ్‌వూఫర్ ఒకటి, పైన రెండు, అంటే 5.1.2. అట్మాస్ 2012లో సినిమా హాళ్లకి, 2014లో ఇళ్లకి వచ్చింది. దాని అసలు రుచి వాన కురిసినప్పుడు, హెలికాప్టర్ తిరిగినప్పుడు తెలుస్తుంది. సోఫా గోడకి ఉన్నా ఇది కుదురుతుంది, ఎందుకంటే పై స్పీకర్లు తల మీద, కొంచెం ముందుకి ఉంటే చాలు. ముందు స్పీకర్ల మీద పెట్టి పైకప్పుకి కొట్టించే రకం కొనమని షాపువాడు చెబుతాడు. నీకు వద్దు. అది చదునైన కప్పుకి తగిలి కిందికి రావాలి. మీ హాలు నడుమ సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది, చుట్టూ జిప్సం మెట్లు, వాటిలో లైట్లు. ధ్వని ఎక్కడికక్కడ చెదిరిపోతుంది. ఆ ఫాల్స్ సీలింగ్‌లోనే గుండ్రటి స్పీకర్లు రెండు దించు. ఒక్కటి గుర్తుంచుకో, బరువు జిప్సం బోర్డు మీద వెయ్యకూడదు. స్పీకర్‌కి ఉన్న కొక్కేనికి ఇనుప తీగ కట్టి పైన శ్లాబులో దింపిన హుక్‌కి వెయ్యి. పిల్లలు ఆడుకునే చోటు అది. శ్లాబులో కన్సీల్డ్ కరెంటు పైపులు ఎటు పోయాయో తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన లేకుండా డ్రిల్లింగ్ పెట్టొద్దు, బీము, కాలమ్ జోలికి అసలు పోవద్దు.

ఏ కంపెనీవి కొనాలి అని అడిగావు. ముందు మూడూ, అంటే లెఫ్ట్, రైట్, సెంటర్, ఒకే కంపెనీ ఒకే సిరీస్‌వి అయి ఉండాలి. లేదంటే నటుడు తెర మీద ఎడమ నుంచి కుడికి నడిచేసరికి గొంతు మారిపోతుంది. పక్కలవి, పైవి వేరేవైనా పెద్దగా తేడా తెలియదు. వాట్లు చూసి మోసపోవద్దు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అందుకే డబ్బా మీద సెన్సిటివిటీ (ఇచ్చిన వాట్లకి ఎంత గట్టిగా పాడుతుందో చెప్పేది) అంకె చూడు, 85 ఉన్నదాని కంటే 88 ఉన్నది సగం వాట్లతో అంతే గట్టిగా పాడుతుంది. కోటి గుజరాతీ గల్లీలో పాతవి చవగ్గా దొరుకుతాయి, కొంటే మాత్రం అక్కడే పెట్టి మోగించి, కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు) చుట్టూ ఉండే రబ్బరు లేదా ఫోమ్ అంచు వేలితో నొక్కి చూడు. పొడిగా రాలితే వదిలెయ్.

వైరు గురించి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగని రాగి అని అమ్ముతారు. ఒక పోగు తీసి బ్లేడుతో గీరు, లోపల తెల్లగా ఉంటే అది రాగి కాదు. నీ హాలుకి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి మల్టీస్ట్రాండ్ సరిపోతుంది. దూరం గాల్లో కొలవకు, పురికొస తీసుకుని గోడ అంచు వెంబడి వైరు పోయే దారిలోనే పరిచి, దాన్ని కొలిచి, ఒక మీటరు కలుపుకుని కొను. కేసింగ్ క్యాపింగ్‌లో తీసుకుపో, కానీ కరెంటు వైర్లున్న పైపులోకి మాత్రం తోయకు. ఎక్కడైనా కరెంటు వైరుని దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు, పక్కపక్కన పరుగెత్తించకు.

కలిపేటప్పుడు రిసీవర్ ప్లగ్ గోడ నుంచి పీకేసి ఉండాలి. ఒక్క పోగు బయటికి వచ్చి పక్క టెర్మినల్‌కి తగిలినా చాలు, ఛానెల్ పోవచ్చు. పోగులన్నీ గట్టిగా మెలితిప్పి, వైరు చివర తొడిగే బనానా ప్లగ్గులు వేసుకో. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. ఇల్లంతా వైర్లు లాగాక ఏది ఏదో తెలియకపోతే ఒక పని చెయ్యి. రిసీవర్ వైపు కొసలు విప్పి ఉంచి, వాటికి 1.5 వోల్టుల పెన్‌టార్చి బ్యాటరీ ఒక్క క్షణం తాకించు, స్పీకర్ దగ్గర ఎవరినైనా నిలబెట్టు. టప్‌మని చిన్న శబ్దం, కోన్ ఒక వెంట్రుక మందం ముందుకి వచ్చిందంటే ప్లస్ వైరు బ్యాటరీ ప్లస్‌కి తగిలినట్టు. లోపలికి పోతే తిరగేసినట్టు. ఒక స్పీకర్ తిరగబడి ఉంటే బేస్ నీరసంగా, మాట రెండు చెవుల మధ్య నిలవకుండా తేలుతున్నట్టు ఉంటుంది. చాలామంది ఆ లోపానికి స్పీకర్‌ని తిట్టి మార్చేస్తారు.

సబ్‌వూఫర్ మూలలో పెట్టావు, అందుకే ఒక చోట గుబగుబలాడి ఇంకో చోట ఏమీ ఉండదు. దాన్ని తాత్కాలికంగా అక్క కూర్చునే చోట సోఫా మీద పెట్టి, డప్పు బాగా ఉన్న పాట వెయ్యి. నువ్వు గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ విను. ఎక్కడ దెబ్బ స్పష్టంగా, సాగదీయకుండా వినిపిస్తే సబ్‌వూఫర్ అక్కడ పెట్టు. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వెయ్యి, మీ కింద ఫ్లాట్‌లో పసిపిల్ల ఉందన్నావు కదా. బేస్ శ్లాబు పట్టుకుని కూడా కిందికి దిగుతుంది.

చివరికి రిసీవర్‌తో వచ్చిన మైకుతో కొలతలు తీయించు. మైకుని చేతిలో పట్టుకోకు, సోఫా మీద దిండు మీద పెట్టకు. కెమెరా స్టాండ్ తెచ్చి కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి బిగించు. ఫ్యాను, ఏసీ ఆపు, వీలైతే ఆ పది నిమిషాలు ఫ్రిజ్ కూడా. ఒక్కో స్పీకర్ ఎంత దూరంలో ఉందో అది కొలుచుకుంటుంది. ధ్వని మీటరు దూరానికి సుమారు 3 మిల్లీ సెకన్లు తీసుకుంటుంది, దగ్గరి దానిని అంత ఆపి వదులుతుంది. అది చెప్పిన దూరాలు టేపుతో సరిచూడు, సబ్‌వూఫర్‌కి మాత్రం కొంచెం తేడా రావడం మామూలే. తర్వాత సెట్టింగుల్లో ముందు స్పీకర్లని లార్జ్ అని రాసుకుందేమో చూసి స్మాల్ చెయ్యి, క్రాసోవర్, అంటే ఎక్కడి నుంచి కింది బేస్ సబ్‌వూఫర్‌కి పోవాలో చెప్పే అంకె, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు. చిన్న స్పీకర్ల మీద బేస్ బరువు తగ్గితే మాట తేటగా వస్తుంది.

పాత సినిమాలు పెట్టినప్పుడు పక్కల నుంచి ఏమీ రాకపోతే చెడిపోయిందని టెన్షన్ పడకు, అవి చాలావరకు మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో, తీసినవి. అన్ని స్పీకర్లూ మోగాలని ఆల్ ఛానెల్ స్టీరియో నొక్కేయకు. అక్కకి మాటలు అర్థం కాకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు, రిమోట్ మీద ఆ బటన్ నొక్కి ఉందేమో ఇవాళే చూడు.

ఇంకా మీ హాలు గచ్చు, గోడలు నున్నగా ఉన్నాయి. నడుమ నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టు. ట్రింగ్‌మని సాగితే మాట చెదురుతోందని అర్థం. కిటికీకి మందపాటి కర్టెన్, సోఫా ముందు ఒక కార్పెట్ వెయ్యి. కొత్త స్పీకర్ జత కంటే ముందు ఆ రెండూ కొను.

వచ్చే శనివారం రాత్రి గోదావరి ఎక్కి ఆదివారం పొద్దున్నే దిగుతాను. సీలింగ్‌కి రంధ్రం నేను వచ్చేదాకా ఆపు. ఈలోగా రిసీవర్ వెనక ఫొటో పంపు, సెంటర్ స్పీకర్ ముందున్న దేవుడి పటం అక్కకి చెప్పి పూజగదిలోకి మార్పించు, ఆ రోజు సీరియల్ చూసి అక్క ఏమందో నాకు రాయి.

ఇట్లు,
మీ మామయ్య