మోకాలి డబ్బు తినబుద్ధి కావట్లేదని అప్పు చేస్తారా హవల్దార్ గారూ?

గిద్దలూరు దగ్గర ఓ పల్లె నుంచి ఒక రిటైర్డ్ హవల్దార్ గారు రాశారు, పేరు వద్దన్నారు. 1998లో ఆర్మీలో చేరి 24 ఏళ్ళు చేసి 2022 మార్చిలో ఇంటికొచ్చారు. 2014లో యూనిట్లో బీపీఈటీ, అంటే జవాన్ల శారీరక దారుఢ్య పరీక్ష, జరుగుతుంటే తొమ్మిదడుగుల గొయ్యి దూకారు, కాలు అవతలి అంచు మీద పడి మోకాలు పక్కకి తిరిగిపోయింది, లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది, అప్పట్నుంచి లో మెడికల్ కేటగిరీ, అంటే పూర్తి ఫిట్ కాదని. సర్వీసు నుంచి దిగేటప్పుడు మెడికల్ బోర్డు వైకల్యం 30 శాతం అని రాసింది కానీ గాయం రిపోర్టు కాగితం దొరకలేదని డిసేబిలిటీ పెన్షన్ ఇవ్వలేదు, అప్పీలు మీద అప్పీలు వేసుకుంటే ఇప్పుడొచ్చింది, 30ని 50కి రౌండ్ చేసి ఇచ్చారు. ఎరియర్స్ 4 లక్షల 20 వేలు ఒక్కసారే ఖాతాలో పడ్డాయి, ఇకమీదట నెలకి డీఆర్ (పెన్షనర్లకిచ్చే కరువు భత్యం) తో కలిపి 10,800 దాకా వస్తుంది.

ఇక ఆయన మాటల్లోనే: "సార్, నా బ్యాచ్ మేట్ 2002లో ఆపరేషన్ పరాక్రమ్ అని సైన్యాన్ని బార్డర్ కి తరలించిన టైంలో రాజస్థాన్ బార్డర్ లో మైన్ మీద కాలు పోగొట్టుకున్నాడు. వాడికొచ్చేదీ పెన్షనే, గొయ్యి దూకిన నాకొచ్చేదీ పెన్షనేనా. మొన్న క్యాంటీన్ లైన్లో ఒకాయన అందరి ముందూ నువ్వేం బార్డర్ లో తగిలించుకున్నావా అన్నాడు, తల ఎత్తుకోలేకపోయాను. ఆ డబ్బు ఇంట్లోకి వాడబుద్ధి కావట్లేదు. మా బావమరిది ఒంగోలు రోడ్డు మీద వెంచర్ లో ప్లాటు చూపించాడు, 13 లక్షల 20 వేలు. ఎరియర్స్ అడ్వాన్స్ ఇచ్చేసి, బ్యాంకులో పెన్షన్ లోన్ 6 లక్షలు, మిగతా 3 లక్షలు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, నెలనెలా వచ్చే డిసేబిలిటీ డబ్బుని ఈఎంఐకి పెట్టేస్తే ఆ పైసా ఇంట్లోకి రాదు కదా, మంచిదేనా?"

మంచిది కాదండీ. మీ ఉత్తరం ఎందుకు తీసుకున్నానంటే ఇదే తప్పు ఇంతకుముందు నా దగ్గరికొచ్చిన మాజీ సైనికులు చాలామంది చేశారు, డ్యూటీలో బండి బోల్తా పడి నడుం పోయినవాళ్ళు, ఫైరింగ్ రేంజ్ లో చెవి పోయినవాళ్ళు, ఎత్తు మీద పోస్టింగ్ లో బీపీ తెచ్చుకున్నవాళ్ళు. అందరిదీ ఒకటే మాట, నాకు తూటా తగల్లేదు కదా సార్ అని. ఆ సిగ్గుతో ఆ డబ్బుని తమది కాదన్నట్టు పక్కన పెడతారు, పక్కన పెట్టిన డబ్బు ఎవరో ఒకరు అడిగి పట్టుకుపోతారు. సికింద్రాబాద్ లో ఒక సుబేదార్ గారు ఆ పాస్ బుక్ ని బీరువాలో విడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టుకునేవారు, దాన్ని తీసేటప్పుడు కూడా రెండు వేళ్ళతో అంచు పట్టుకుని తీసేవారు, నా కళ్ళతో చూశాను. అందులో ఉన్నదంతా పినతండ్రి కొడుక్కి చేబదులు ఇచ్చేశారు. ఓ రాత్రి వాళ్ళావిడకి పక్షవాతం వస్తే దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరిగెత్తారు, అది ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) లిస్టులో లేదు, లక్ష డిపాజిట్ కట్టమన్నారు. తెల్లవారేలోగా మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టారు. ఈసీహెచ్ఎస్ నుంచి రీఇంబర్స్ మెంట్ వచ్చింది, ఐదు నెలలకి. వడ్డీ మాత్రం ఐదు నెలలు ఆగలేదు కదా.

ముందు మీ మనసులో ఉన్నది తేల్చుకుందాం, అది తేలకపోతే నేనెన్ని లెక్కలు చెప్పినా మీ చెవికెక్కదు. మీ బ్యాచ్ మేట్ వాటాలోంచి మీకు ఒక్క రూపాయి రావట్లేదు. మీది డ్యూటీలో జరిగిన గాయం, దానికి వంద శాతం వైకల్యముంటే ఆఖరి జీతంలో 30 శాతం అని లెక్క. మీ ఆఖరి బేసిక్ 40,400, ఎంఎస్పీ అంటే మిలిటరీ సర్వీస్ పే 5,200, మొత్తం 45,600, అందులో 30 శాతం 13,680, మీకు 50 శాతం కాబట్టి సగం, 6,840, దాని మీద డీఆర్. మీ ఫ్రెండ్ ది ఆపరేషన్ లో మైన్ గాయం, దానికి వార్ ఇంజురీ ఎలిమెంట్ అని వేరే ఉంది, సర్వీసు పూర్తి చేసుకుని దిగినా వంద శాతానికి 60, గాయంతోనే ఇంటికి పంపేస్తే ఇంకా ఎక్కువ. అంటే మీరు ఏ తేడా గురించి నిద్ర పోవట్లేదో ఆ తేడా రూల్ రాసినవాళ్ళు ముందే పెట్టారు, రెండూ ఒకటే అని ఎవరూ అనలేదు. 30ని 50 చెయ్యడం కూడా మీరు ఏదో మేనేజ్ చేసుకున్నది కాదు, సర్వీసు పూర్తి చేసినవాళ్ళకి కూడా ఈ రౌండింగ్ ఇవ్వాల్సిందే అని రామ్ అవతార్ కేసులో 2014 డిసెంబర్లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గొయ్యి కూడా మీరు సరదాకి దూకలేదు, దూకమన్నారు, దూకకపోతే టెస్ట్ ఫెయిల్ అని రాసేవాళ్ళు. క్యాంటీన్ లైన్లో ఆయనకి ఇదంతా చెప్పాల్సిన పని లేదు, మీకు తెలిస్తే చాలు.

సరే, ఇప్పుడు మోకాలి సంగతి. మీరు ఉత్తరం చివర్లో ఒక లైన్ రాశారు, గిద్దలూరులో ఒక గోడౌన్ దగ్గర సెక్యూరిటీగా చేస్తున్నాను, 16 వేలు ఇస్తారు, పన్నెండు గంటల డ్యూటీ అని. నాకు మీ ఉత్తరం మొత్తంలో భయమేసింది ఆ లైన్ చూసే. పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం, ఆపరేషన్ అయిన మోకాలి మీద, 46 ఏళ్ళ వయసులో. మీ సర్వీస్ పెన్షన్ 22,800 బేసిక్, సగం కమ్యూట్ చేసుకున్నారు, అంటే ముందే ఒకేసారి తీసేసుకున్నారు కాబట్టి 15 ఏళ్ళ దాకా 11,400 కట్ అవుతూనే ఉంటుంది, డీఆర్ తో కలిపి చేతికి 24,600 దాకా. ఇంటి ఖర్చు, అబ్బాయి హాస్టల్ కలిపి 38 వేలు అన్నారు. మోకాలు ఒక్కరోజు వాచి మంచమెక్కిస్తే ఆ 16 వేలు ఆగిపోతుంది, అప్పుడు మిగిలేది పెన్షనూ, మీరు ముట్టుకోనంటున్న ఈ డిసేబిలిటీ డబ్బూ. రెండూ కలిపినా 35 వేల పైచిలుకు. ఆ డబ్బు ఇచ్చింది ఇందుకేనండీ, ఆ మోకాలు బాగుంటే మీరు ఇంకా మంచి పని దొరికించుకునేవాళ్ళు, అది పోగొట్టుకున్నందుకు ఇస్తున్నారు.

ఇప్పుడు ఆ ప్లాటు లెక్క చూడండి. 6 లక్షల లోన్, ఐదేళ్ళు, 11 శాతం అనుకున్నా ఈఎంఐ 13 వేలు. 3 లక్షలకి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి 6 వేలు, అది ఉత్త వడ్డీ, అసలు అలాగే కూర్చుంటుంది. మొత్తం 19 వేలు. మీ డిసేబిలిటీ 10,800. మిగతా 8 వేలు ఎక్కడ్నించి వస్తాయి, ఇంట్లోంచేగా. ఆ పైసా ఇంట్లోకి రాకూడదని మొదలుపెట్టి ఇంట్లో డబ్బు బయటికి పంపే ఏర్పాటు చేసుకుంటున్నారు. పైగా పెన్షన్ లోన్ ఈఎంఐ మీ చేతిదాకా రాదు, పెన్షన్ పడగానే ఖాతాలోంచి తీసేసుకుంటారు, మోకాలు నొప్పి అని చెప్తే ఆగరు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఏ వెంచర్ ప్లాటు ఏటా 24 శాతం పెరుగుతుందో మీ బావమరిదిని అడిగి కాగితం మీద రాయించుకోండి, రాస్తే అప్పుడు మాట్లాడదాం. ఈ అప్పు మాట ఇక ఎత్తొద్దు.

ఎరియర్స్ లోంచి 3 లక్షల 40 వేలు ఎమర్జెన్సీ ఫండ్. ఆరు నెలలు చాలు అని అందరికీ చెప్తాను, మీకు మాత్రం తొమ్మిది నెలల ఖర్చు కావాలి, ఎందుకంటే మీ రెండో ఆదాయం ఒక మోకాలి మీద నిలబడి ఉంది. లక్ష సేవింగ్స్ లో, మీరూ మీ ఆవిడా ఇద్దరూ తీసుకునేలా జాయింట్ ఖాతా, ఏటీఎం కార్డు ఆవిడ దగ్గర, పిన్ ఆవిడకి తెలిసి ఉండాలి. మిగతాది ఒకటే పెద్ద ఎఫ్డీ కాకుండా నాలుగైదు చిన్న ఎఫ్డీలు చెయ్యండి, ఒకటి పగలగొట్టినా మిగతావి కదలవు. ఈసీహెచ్ఎస్ ఉంది కదా ఇదంతా దేనికి అనకండి, లిస్టులో లేని ఆసుపత్రికి అర్ధరాత్రి వెళ్తే ముందు మీరే కట్టాలి, రెండ్రోజుల్లోగా ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్ కి చెప్పాలి, బిల్లులు పెట్టాలి, వచ్చేదాకా ఆగాలి, ఆ ఆగే నెలల్ని మొయ్యడానికే ఈ ఫండ్. ఎవరు అడిగినా, సొంత అన్నదమ్ములు అడిగినా, అందులోంచి చేబదులు లేదు.

మిగిలిన 80 వేలల్లో ముందు టర్మ్ ఇన్సూరెన్స్. మీకు తెలిసే ఉండాలి కానీ మీ ఉత్తరంలో ఎక్కడా దాని ఊసు లేదు కాబట్టి చెప్తున్నా, మీకేమైనా అయితే డిసేబిలిటీ ఎలిమెంట్, అంటే ఈ 10,800, మీతోనే ఆగిపోతుంది, ఆవిడకి రాదు. ఆవిడకి వచ్చేది ఫ్యామిలీ పెన్షన్, మొదటి ఏడేళ్ళు 22,800 బేసిక్, ఆ తర్వాత 13,680, దాని మీద డీఆర్, అంతే. అబ్బాయి ఇంకా డిప్లొమా మొదటి ఏడాదిలోనే ఉన్నాడు. 50 లక్షలకి తీసుకోండి, ఫారంలో మోకాలి ఆపరేషన్, 30 శాతం బోర్డు రిపోర్టు అన్నీ రాయండి, ఏజెంట్ వద్దులే సార్ అన్నా రాయండి, దాచిపెడితే రేపు క్లెయిమ్ దగ్గర ఆవిడ ఏడవాల్సొస్తుంది. స్పర్శ్ అనే డిఫెన్స్ పెన్షన్ పోర్టల్ లో లాగిన్ అయ్యి ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఆధార్ తో సరిపోయాయా చూడండి, చాలా ఇళ్ళల్లో అక్కడే తేడా వచ్చి పెన్షన్ ఆగుతుంది.

నెలనెలా వచ్చే 10,800లో 5 వేలు అబ్బాయి చదువుకి ఆర్డీ, మిగతాది ఇంట్లోకి, అవును, ఇంట్లోకే, బియ్యానికీ కరెంటు బిల్లుకీ. మ్యూచువల్ ఫండ్ సిప్ గురించి ఏడాది తర్వాత అడగండి. టాక్స్ విషయంలో గాయంతో పంపేసిన వాళ్ళనీ సర్వీసు పూర్తి చేసినవాళ్ళనీ ఒకేలా చూడట్లేదు, ఎరియర్స్ వచ్చిన ఏడాది కాబట్టి రిటర్న్ వేసేముందు ఆడిటర్ కి కాగితాలు చూపించండి. ఫండ్ నిండాక కూడా ఇంకా మనసు పీకుతుంటే డిసెంబర్ 7న సాయుధ దళాల ఫ్లాగ్ డే ఫండ్ కి మీకు తోచింది ఇవ్వండి, మీ ఫ్రెండ్ లాంటి వాళ్ళ కోసమే అది, బావమరిది వెంచర్ కంటే అక్కడ ఇస్తే మీకు నిద్ర పడుతుంది. ఆ ఫ్రెండ్ కి ఒకసారి ఫోన్ చేసి ఈ డబ్బు వచ్చిందని మీరే చెప్పండి కూడా, ఆయనేమంటాడో మీరు ఊహించుకుంటున్నారు కానీ అడగలేదు.

ప్లాటుకి అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నాను, ఇచ్చేసి ఉంటే రసీదు ఫోటో పంపండి, వెనక్కి ఎలా తీసుకోవాలో చూద్దాం. మోకాలికి చివరిసారి ఎంఆర్ఐ ఎప్పుడు తీయించారో మీరు రాయలేదు. ఈ వారంలో పాలీక్లినిక్ కి వెళ్ళి చూపించుకోండి, ఆ గోడౌన్ వాళ్ళని ఒక కుర్చీ వేయించమని అడగండి.