పడిపోయిన గేమ్ పాత్ర గాల్లోకి ఎగిరితే

ప్రశ్న: యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో గేమ్ చేస్తున్నాను. శత్రువు చనిపోగానే రాగ్‌డాల్ (శరీరం గుడ్డబొమ్మలా వదులుగా పడిపోయే ఏర్పాటు) ఆన్ చేస్తే శరీరం ఒక్కసారిగా గాల్లోకి ఎగిరిపోతోంది. కింద పడ్డాక కూడా చేతులు వణుకుతూనే ఉంటున్నాయి. ఎందుకు?

జవాబు: ఎగిరిపోతుంటే ముందు అనుమానించాల్సింది నడకకు వాడిన పెద్ద క్యాప్సూల్ కొలైడర్‌నే (పాత్ర చుట్టూ ఉండి, ఢీకొనడాన్ని పట్టుకునే కనపడని గుళిక ఆకారం). అది ఆన్‌లో ఉండిపోతే, దాని లోపల ఇరుక్కున్న ఎముకల కొలైడర్లను ఫిజిక్స్ ఇంజిన్ బలంగా బయటికి నెట్టేస్తుంది. ఇక్కడ వరుస ముఖ్యం. పాత్ర వేగాన్ని ముందే చదివి దాచుకోండి. తర్వాత యానిమేటర్ (పాత్ర కదలికలు ఆడించే భాగం), క్యాప్సూల్ రెండూ ఆపండి. అప్పుడు ఎముకల రిజిడ్‌బాడీల్లో (ఎముకలకు ఫిజిక్స్ వర్తింపజేసే భాగాలు) ఈజ్ కైనమాటిక్ (బలాలకు కదలకుండా ఉంచే టిక్) తీసేసి, దాచిన వేగాన్ని అన్నిటికీ ఇవ్వండి. ఈ చివరి పని చాలామంది వదిలేస్తారు. అందుకే పరుగెత్తేవాడు ముందుకు దొర్లకుండా ఉన్నచోటే కుప్పకూలుతాడు.

వణుకు సంగతి వేరు. అది ఎక్కువగా బరువుల తేడా వల్లే వస్తుంది. ఒకే కీలుకు రెండు వైపులా ఉన్న భాగాల బరువుల్లో తేడా పది రెట్లకు చేరకూడదు. 20 కిలోల మొండేనికి 1 కిలో పైచేయి తగిలిస్తే వణుకుతుంది, 3 కిలోలు చేసి చూడండి. సాల్వర్ ఇటరేషన్లు (కీళ్ల లెక్కను ఇంజిన్ ఎన్నిసార్లు సరిచూస్తుందో చెప్పే సంఖ్య) మొదట 6 ఉంటాయి, 10 నుంచి 20 దాకా పెంచండి. సాగిపోయి కీళ్లు విడిపోతుంటే క్యారెక్టర్ జాయింట్‌లో (ఎముకలను కలిపే కీలు భాగం) ఎనేబుల్ ప్రొజెక్షన్ టిక్ పెట్టండి.